కంద పువ్వు, చర్మకారుని ఇల్లు

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 9:43, 10:1-26



సుమత్రా ద్వీపపు అడవులలో రఫ్లీషియా అను పువ్వు కలదు. దానికి ఆకు లేదు, కాండము లేదు. ఒక అడవి తీగలో దాగియుండి, పూచిన దినమున మూడడుగుల వెడల్పున నేలమీద విచ్చుకొనును. తెల్లవారు దానిని 1818లో చూచి ఆశ్చర్యపడిరి. ఆ ద్వీపములోనే 1878లో బెక్కారి అను ఇటలీ దేశస్థుడు మరియొక వింతను కనుగొనెను. అది పది అడుగుల ఎత్తు వరకు లేచును. ఎన్నో యేండ్లకు ఒకసారి పూచి, రెండు మూడు దినములలోనే వాడిపోవును. 1889లో లండను చెంతనున్న క్యూ తోటలో అది పూచెను. నేటికిని అది ఏ పట్టణపు తోటలో పూచినను జనులు బారులు తీరి చూడబోవుదురు. ముక్కు మూసికొనియే చూతురు, ఏలయనగా ఈ రెండు పువ్వులకును కుళ్లిన మాంసపు వాసన.

ఎక్కడి సుమత్రా, ఎక్కడి తెనాలి అందురేమో! ఆ పది అడుగుల పువ్వు మన కందకు స్వయాన జ్ఞాతి. దుగ్గిరాల, కొల్లిపర చేలలో పసుపు, అరటితో పాటు పండునే, బచ్చలి వేసి ఆవ పెట్టి వండుకొందుమే, ఆ కందకే. పంటకు వేసిన దుంపను పూవకముందే త్రవ్వుదుము గనుక దాని పువ్వును చూచినవారు మనలో తక్కువ. త్రవ్వక విడిచిన పాత దుంప తొలకరి వేళ ఆకుకంటె ముందుగా పువ్వు వేయును. ఊదారంగు, ముడతల తల, చచ్చిన ఎలుక వాసన. చూచిన పిల్లలు పారిపోదురు.

ఆ వాసన దేనికి? మల్లెపువ్వునకు వచ్చు పురుగులు వేరు, కందకు వచ్చునవి వేరు. చచ్చినదానిని వెదకు పురుగులను, ఈగలను కంద పిలుచుచున్నది. వాసన దూరమునకు పోవుటకై పువ్వు లోపల వెచ్చబడును కూడ. ఎవరును పిలువని పురుగులను పిలుచు పువ్వును దేవుడు చేసెను. చేసి, అదియు మంచిదని చూచెను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మన పెద్దల సామెత. సృష్టికర్తకు లేని రోత మనకెందుకు?

ఇక యొప్పే పట్టణమునకు రండి. పేతురు అక్కడ చాల దినములు చర్మకారుడైన సీమోను ఇంట దిగెను. చచ్చిన పశువును ముట్టినవాడు సాయంకాలము వరకు అపవిత్రుడని ధర్మశాస్త్రము. ఆ ఇంటిలోనైతే అది ప్రతిదినపు పని. ఇల్లు సముద్రపు దరిని ఉండెను. అయినను దేవదూత కొర్నేలీకి విలాసము చెప్పినప్పుడు ఇంటివాని పేరే గాక వృత్తిని కూడ చెప్పెను. పరలోకమునకు ఆ పనిపేరు పలుకుటకు సిగ్గు కలుగలేదు. దేవుడు పవిత్రపరచినదానిని నిషిద్ధమనవద్దని పేతురు నేర్చుకొన్నది దేవాలయములో కాదు, ఆ మేడమీదనే. క్రింద తోళ్లు నానుచుండగా పైన దర్శనము కలిగెను.

ఈ మాట బాపట్లలో గాని రేపల్లెలో గాని చెప్పునప్పుడు కథగా చెప్పి పోరాదు. మన తాతలలో అనేకులు లంద దగ్గర తోళ్లు ఊని, ఊరందరికి చెప్పులు కుట్టి, ఎడ్లకు వార్లు చేసి ఇచ్చినవారే. ఊరు వారి చెప్పులు తొడిగెను, వారిని మాత్రము వాసన యని వెలికి నెట్టెను. 1866లో బాప్తిస్మము పొంది తన జనులలో అనేకులను ప్రభువునొద్దకు నడిపించిన యెర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారియే.

అట్టివారి మనుమలమైన మనమేమి చేయుచున్నాము? ఒకే ఊరిలో ఈ పేటకొక గుడి, ఆ పేటకొక గుడి. ఏ మిషనువారని అడుగుచున్నాము గాని, తెలిసికొనగోరునది కులమే. కాలువలు ఎత్తు పనివాడు ఆరాధనకు వచ్చి కూర్చుండగా చాప అంచుకు జరుగువారున్నారు. సంస్కారపు గిన్నె తనకంటె ముందు ఎవరి పెదవి తాకునో చూచి లేచువారున్నారు. బయటివాడు మనలను తాకకున్న ఏడ్చుదుము, న్యాయమే. లోపల మనము చేయునది ఏ వేదములో ఉన్నది? క్రీస్తు సువాసన కొందరికి జీవపు వాసన, కొందరికి మరణపు వాసన అని పౌలు కొరింథీయులకు వ్రాసెను గదా. ప్రక్కన కూర్చున్న సహోదరునియందు మన ముక్కునకు ఏ వాసన తగులుచున్నది?

కొర్నేలీ పంపిన మనుష్యులు వచ్చినప్పుడు పేతురు వారిని లోపలికి పిలిచి ఆ రాత్రి ఆతిథ్యమిచ్చెను. అన్యజనులు ముగ్గురు, యూదుడైన అపొస్తలుడు ఒకడు, తోళ్ల వాసనగల ఒకే కప్పు క్రింద నిద్రించిరి. మరునాడు లేచి కైసరయ త్రోవ పట్టిరి. ఆ ఇంటి వాసన పేతురు బట్టలకు పట్టియే యుండును. కొర్నేలీ అతనిని ఎదుర్కొని పాదములమీద పడగా, పేతురు అతనిని లేవనెత్తెను.