వాన మామూలే, మరి ముంపు?

కోనసీమలో పెరిగినవాళ్ళకి వాన పెద్ద వార్తేం కాదు. జూన్‌లో నైరుతి వస్తుంది, అది పూర్తిగా వెళ్ళకముందే ఈశాన్యం అందుకుంటుంది. బట్టలు ఆరవు, కరెంటు పోతుంది, అయినా బడికి వెళ్ళాల్సిందే. వానని తిట్టుకోవడం దండగని చిన్నప్పుడే తెలిసిపోతుంది. మన చేతిలో లేనిదాన్ని భరించడం వివేకమే. గ్రీకు స్టోయిక్కులు చెప్పిందీ దాదాపు అదే.

చిక్కల్లా ఈ ఓర్పుకి హద్దు తెలియకపోవడం. ఆకాశం నుంచి పడేది ప్రకృతి. పడ్డ నీరు గుర్రపుడెక్క పట్టిన మురుగుకాలువలోంచి పోలేక రోజుల తరబడి చేలో నిలిస్తే అది ప్రకృతి కాదు, పూడిక తీయించని నిర్లక్ష్యం. కానీ మోకాలిలోతు నీళ్ళలో నిలబడ్డవాడికి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే రెండింటికీ ఒకటే మాట వాడేస్తాం: "మనకిది మామూలేగా."

2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు ఆ మాట అనలేదు. గిట్టుబాటు ధర లేదు, కూలీలు దొరకరు, ముంపు తప్పదు అంటూ వేల ఎకరాల్లో నాట్లు వేయకుండా పంట విరామం ప్రకటించారు. అన్నం పెట్టే నేలని బీడు పెట్టడం తప్పు కదా అన్నవాళ్ళున్నారు. నాట్లు లేకపోతే కూలి మీద బతికేవాళ్ళకి నష్టమన్నదీ కొట్టిపారేయలేం. అయినా ఆ రైతులు అలిగింది వాన మీద కాదు. వానకి అలవాటు పడ్డవాళ్ళే, దేనికి అలవాటు పడకూడదో కూడా తేల్చుకున్నారు.