తల్లిదండ్రుల ఆస్తి - బిడ్డల నీతి

వృద్ధులైన తల్లిదండ్రుల దగ్గర ఆస్తిపాస్తుల మాట ఎత్తడం మన ఇళ్లలో అమర్యాద కింద లెక్క. తండ్రి బతికివుండగా వీలునామా సంగతి అడిగిన కొడుకును లోకం ఆశపోతు అంటుంది. అడిగింది కూతురైతే ఆ మాట ఇంకా ఘాటుగా వుంటుంది. అదే తండ్రి కన్నుమూసిన పదకొండో రోజున అన్నదమ్ములు బీరువా తాళాలకోసం కలియబడితే ఎవరూ ఆశ్చర్యపోరు. బతికున్న మనిషితో మాట్లాడడం తప్పు, పోయిన మనిషి సొమ్ముకోసం కోర్టుకెక్కడం మామూలు! ఈ విచిత్రమైన నీతిని మనం ఒప్పుకోవాలా అన్నదే ఇక్కడి ప్రశ్న.

దీన్ని పరిశీలించడానికి హైదరాబాదులో జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు తగిన చోటు. 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరుచుకున్న తర్వాత సినిమా పరిశ్రమ క్రమంగా మద్రాసునుంచి ఇటు తరలివచ్చింది. ఆనాడు పడుచువాళ్లుగా వచ్చినవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటారు. కొండమీద కొందరికి కోట్లు చేసే ఇళ్లున్నాయి. కొండ దిగితే కృష్ణానగర్ అద్దెగదుల్లో, ఫిల్మ్‌నగర్ బస్తీల్లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, వంటవాళ్లు, కుట్టుపనివాళ్లు ముసలివాళ్లయ్యారు. ముసలితనం ఇద్దరికీ వచ్చింది. అయితే అది ఇద్దరికీ ఒకే రకంగా రాలేదు.

ఈ పరిశ్రమ వృద్ధాప్యం మీద మనచేత చాలా కన్నీళ్లు కార్పించింది. 1972లో ‘బడిపంతులు’, 1991లో ‘అమ్మ రాజీనామా’ చూసి ఏడవని ఇల్లాలు లేదు. ఈ కథలన్నిటిలోనూ దోషం బిడ్డల గుండెలో వుంటుంది. గుండె కరిగితే చిక్కు విడిపోతుంది. ఇల్లు ఎవరి పేర వుంది, దస్తావేజులో ఏం రాశారు, బ్యాంకులో సంతకం ఎవరిది అనే సంగతులకు తెరమీద చోటు లేదు. కాని నిజజీవితంలో ముసలివాళ్ల గతి తేలుతున్నది ఎక్కువగా అక్కడే.

తెర వెనక జరిగిన కథ ఒకటి చూడండి. ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’ చిత్రాలతో ఆంధ్రదేశాన్ని పరవశింపజేసిన చిత్తూరు నాగయ్య 1973లో పేదరికంలో చనిపోయారు. మద్రాసు పానగల్ పార్కులో ఆయనకు విగ్రహం వెలిసింది. ఆయన దానగుణాన్ని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటాం. ముసలి కళాకారుడికి ఆధారమేమిటి అన్న ప్రశ్న మాత్రం ఆ కథల్లో వినిపించదు. దాతృత్వాన్ని పొగడడం సులువు, హక్కును ఏర్పరచడం కష్టం.

ఇక చట్టం సంగతి. వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషను కూడా తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. ప్రాణమున్నంతవరకు దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దాన సెటిల్‌మెంటు దస్తావేజు అలా కాదు. రాసిచ్చిన క్షణాన ఇల్లు చెయ్యి దాటిపోతుంది, ఇచ్చినవారు తలచినంత మాత్రాన వెనక్కు రాదు. “ఎప్పటికైనా నీదే గదా” అని అమాయకంగా సంతకం పెట్టిన తల్లి తన ఇంట్లోనే పరాయిదవుతుంది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే ఏ ఆపదకైనా పనికివస్తుందని మరో భ్రమ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఇచ్చిన మనిషికి మతి తప్పితే ఆ అధికారం రద్దయిపోతుంది. సరిగ్గా అవసరం పడినప్పుడే ఆ కాగితం పనికిరాదు. నామినీ అంటే వారసుడు కాడనీ, సొమ్ము అందుకుని హక్కుదారులకు అప్పగించవలసినవాడనీ 1983లో జీవిత బీమా విషయంలో, 2023లో షేర్ల విషయంలో సుప్రీంకోర్టు చెప్పింది.

2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. పోషణకు నోచుకోనివారు ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ వకీళ్లకు ప్రవేశం లేదు. అందులో 23వ సెక్షను ముఖ్యమైనది. తనను చూసుకోవాలన్న షరతుమీద ఆస్తి ఇచ్చి, ఆ షరతు తప్పితే, ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. షరతు వున్నట్టు రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు అన్నది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో 2025 జనవరిలో అదే కోర్టు చట్టాన్ని ఉదారంగా అన్వయించి, ఆస్తిని ఆమెకు తిరిగి ఇప్పించింది.

ఇక్కడ సున్నిత మనస్కులు ఒక ఆక్షేపణ తెస్తారు. కన్నబిడ్డతో షరతు రాయించుకోవడమేమిటి? వాత్సల్యాన్ని అంగడి సరుకు చేయడం కాదా? ఈ ఆక్షేపణలో కొంత నిజముంది. అన్నం పెట్టడానికి ప్రతిఫలంగా ఇల్లు అనే ఒప్పందం మనిషికి గౌరవం తెచ్చేది కాదు. కాని ఆ బేరం కాగితంతో పుట్టలేదు. ఆస్తి కుటుంబం ద్వారా సంక్రమించే సమాజంలో అది మొదటినుంచీ వుంది, నోటితో అనకుండా వుంది. అనని బేరంలో మోసపోయేది ఎప్పుడూ బలహీనుడే. కాగితం చేసిందల్లా దాన్ని వెలుగులోకి తేవడం. వెలుగులో నిలవలేని ప్రేమ వుంటే, అది పోయినందుకు విచారించనక్కరలేదు.

అయితే కాగితం వున్నంతమాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. “అమ్మానాన్నల భవిష్యత్తు ఏర్పాటు” అనే పేరుతో చాలామంది బిడ్డలు చేసేది ఆస్తి ఏర్పాటే. పరీక్ష ఒక్కటే: ఆ కాగితంలో ఎవరి ఇచ్ఛ వుంది? ఏ ఊళ్లో వుంటారు, ఎవరి దగ్గర వుంటారు, ఏ వైద్యం కావాలి, ఏది వద్దు అని ముసలివారిని అడిగి రాస్తే అది వారి స్వాతంత్ర్యానికి రక్ష. అడగకుండా వేలిముద్ర వేయిస్తే అది దోపిడి, అది ఎంత మర్యాదగా జరిగినా సరే.

చట్టం చూడని మనిషి ఇంకొకరున్నారు. 2007 చట్టం కొడుకులు, కూతుళ్లు, మనుమలు, మనుమరాళ్లను పేర్కొన్నది. కోడలిని పేర్కొనలేదు. మంచాన పడ్డ మామకు సేవచేసేది ఎక్కువ ఇళ్లలో ఆమే. ఆస్తిలో ఆమెకు వాటా లేదు, చాకిరీకి లెక్క లేదు. 2019లో తెచ్చిన సవరణ బిల్లు కోడళ్లను, అల్లుళ్లను బాధ్యుల జాబితాలో చేర్చబోయింది. ఆ బిల్లు చట్టం కాలేదు. బాధ్యత పంచడానికి కలిగిన తొందర హక్కు పంచడానికి కలగకపోవడం గమనించండి. ముసలివారి ఏర్పాట్లు రాసే కుటుంబం ఈమె శ్రమను కూడా రాయాలి.

వీలునామాలు ఆస్తిపరుల గొడవ, మనకెందుకు అని కొందరు మిత్రులు అనవచ్చు. ఇది పొరపాటు. ధనికుడికి వకీలు వున్నాడు. కోర్టులో ఇరవై ఏళ్లు ఆగగల ఓపిక అతని డబ్బుకు వుంది. లైట్‌మన్ దాచుకున్న రెండు లక్షలు, టీచరమ్మ కట్టుకున్న రెండు గదులు తగాదాలో పడితే మిగిలేదేమీ లేదు. చిన్న ఆస్తికే స్పష్టమైన కాగితం ఎక్కువ అవసరం.

కాని ఏ ఆస్తీ లేనివారి మాటేమిటి? ఏ షరతు పెట్టి, దేన్ని వెనక్కు తీసుకుంటారు వాళ్లు? 2007 చట్టం పోషణకు నెలకు 10,000 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. కొడుకే రోజుకూలీ అయినప్పుడు ఆ పదివేలు కూడా కాగితంమీది అంకె. 2025 ఆగస్టులో సినిమా కార్మికులు 30 శాతం వేతన పెంపు కోరుతూ సమ్మెకట్టి షూటింగులు ఆపారు. దాన్ని కూలి తగాదాగా మాత్రమే చూడకూడదు. పనిచేసే చేతికి చాలినంత కూలి లేకపోతే, ఆ ఇంట్లో ముసలి కడుపుకు చట్టం అన్నం పెట్టలేదు. జీవితకాలమంతా పరిశ్రమకు శ్రమ ఇచ్చినవాడి వృద్ధాప్యానికి, కొడుకుతోపాటు ఆ పరిశ్రమా, ప్రభుత్వమూ బాధ్యులే.

కనుక మన కర్తవ్యం రెండు విధాలు. ఇంట్లో మౌనాన్ని మానాలి. తల్లిదండ్రులకు మతి నిలకడగా వున్నప్పుడే వారి ఇచ్ఛ తెలుసుకుని, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ వింటూ వుండగా రాయించాలి. వీధిలో మరొక పోరాటం చేయాలి. బిడ్డల దయమీద ఆధారపడకుండా బతికే పింఛను ప్రతి శ్రమజీవికీ హక్కుగా రావాలి. ఆ హక్కు వచ్చిననాడు బిడ్డ తండ్రి దగ్గర కూర్చునేది ఇంటికోసమూ కాదు, చట్టానికి భయపడీ కాదు. అప్పుడు మాత్రమే దాన్ని ప్రేమ అని నిస్సందేహంగా అనగలం.