గీత ఎవరిది?

పెద్దకొడప్‌గల్ మండలంలోని మన తండాల్లో యాడి కుట్టిన కాంచళిని ఫోటో తీసి, ఇంక్‌స్కేప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెన్ టూల్‌తో గీయడం పిల్లలు సులువుగా నేర్చుకోవచ్చు. వంపు మొదట ఒక బిందువు, చివర ఇంకొకటి. హ్యాండిల్ లాగితే గీత వంగుతుంది. బిందువులు తగ్గేకొద్దీ గీత నునుపవుతుంది. ఆ తర్వాత దాన్ని ఎంత పెద్దగా, ఎన్ని చొక్కాల మీద అచ్చేసినా చెదరదు.

ఈ వంపుకు రెనో ఇంజనీరు బెజియె పేరు ఉంది. 1959లోనే సిట్రోయెన్ కంపెనీలో కాస్టెల్జో ఈ లెక్క కనుక్కున్నాడు. కంపెనీ దాచిపెట్టడంతో పేరు ఆయనకు దక్కలేదు.

మరి కుట్టిన యాడి పేరు?

"మన జాతి కుట్టే కదా, అడగడమెందుకు?" అనవచ్చు. అద్దాలు, కుట్ల రకాలు అందరివీ. కానీ ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఆమె ఆలోచన. దాన్ని ఉన్నదున్నట్టు గీసి అమ్ముకుంటే ఆమె కష్టాన్ని తీసుకున్నట్టే. బయటివాళ్లు చేస్తే దోపిడీ అంటాం. మనం చేస్తే న్యాయం ఎలా అవుతుంది?

నేర్చుకోవడానికి ఎంతైనా గీయండి. అమ్మేముందు ఆమెను అడగండి, పేరు వేయండి, వాటా ఇవ్వండి. పెన్ టూల్ నేర్పే టీచర్లు ఇదీ నేర్పాలి.