ఎండిన చేను ఎవరి నేరం?

పాత నిబంధనలోని ప్రవక్తలు దేవుడి తీర్పు గురించి చెప్పాల్సి వస్తే తరచూ పొలం వైపు చూపిస్తారు. మిడతలు తినేసిన పైరు యోవేలుది. విత్తినా కోత దక్కని చేను మీకాది. కంచె పీకేసిన ద్రాక్షతోట యెషయాది. అర్ధవీడు, కంభం, గిద్దలూరు మెట్టల్లో ఈ మాటలకి వ్యాఖ్యానం అక్కర్లేదు. వానని నమ్ముకుని కంది వేసి, నల్లమల మీద మబ్బు కోసం ఎదురుచూసే నేల ఇది.

కానీ కరువే శిక్ష అయితే, ఆ శిక్ష ముందు ఎవరి మీద పడుతుంది? క్రీస్తుపూర్వం 8వ శతాబ్దపు ఆమోసు స్వయంగా పశువుల కాపరి. పేదల దగ్గర ధాన్యం గుంజుకునేవాళ్లనీ, దొంగ కొలతల వ్యాపారులనీ నిలదీశాడు. వాన ఆగిపోవడాన్ని దేవుడి హెచ్చరిక అన్నాడు. అయితే వాన ఆగితే గాదె ఉన్నవాడు చివర పస్తుంటాడు, కూలికి పోయే మనిషి మొదట పస్తుంటుంది.

1876-78 కరువు ఈ ప్రాంతాన్నీ వదల్లేదు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కరువు బాధితులకి పని ఇప్పించాడు. కంభం చెరువుని నింపే గుండ్లకమ్మలోనే, దిగువన వెల్లంపల్లి దగ్గర, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్లు అంతకుముందు పడ్డ ఆకలి ఎవరి పాపానికి శిక్ష? ఆ కరువులోనూ దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు.

హోషేయ దగ్గర ఈ ప్రశ్న స్త్రీ శరీరం మీదికి వస్తుంది. దేశం దారితప్పిన భార్య అవుతుంది. భర్త అయిన దేవుడు ఆమెని బట్టలూడదీసి ఎండిన నేలగా మారుస్తానంటాడు, ఇచ్చిన ధాన్యం వెనక్కి తీసుకుంటానంటాడు. మన భాష మాత్రం తక్కువ తిందా? గొడ్డుటావూ గొడ్రాలూ ఒకే మాటలోంచి పుట్టాయి. ఇక యెషయా బబులోనుని రాణిగా ఊహించి, నేల మీద కూర్చుని తిరగలి విసరమంటాడు. రాణికి శిక్ష అయిన ఆ పని దాసికి రోజూ ఉండేదే. ఆమె ఏ నేరం చేసి విసురుతోంది? ప్రవక్త అడగడు.

ఆమోసు కోపాన్ని మనం వదులుకోనక్కర్లేదు. హోషేయ దేవుడి చేతిలోని కొరడాని మాత్రం ఒప్పుకోలేం. అదే గ్రంథంలో, లేవీయకాండంలో, మరో కొలత ఉంది: పొలం అంచులు కోయకుండా, పరిగె ఏరకుండా పేదలకీ పరదేశులకీ వదలమన్న నియమం. రూతు అలా ఏరుకునే బతికింది. ఎండిన చేనుని చూసి దేవుడి కోపం అనుకునే ముందు, పండిన ఏడు ఆ చేలో కలుపు తీసిన ఆడవాళ్లకి ఏం దక్కిందో అడగాలి.