తొలి కృతి, శ్రోత తీర్పు

ఒక కవి గానీ, గాయకుడు గానీ, సంగీత బృందం గానీ మొదటిసారి లోకం ముందుకు వచ్చినప్పుడు ఆ కృతికి విలువ కట్టే అధికారం ఎవరిది? విన్న జనానిదా, విద్వాంసులదా, కాలానిదా? లేక ఎవరి తీర్పుతోనూ నిమిత్తం లేకుండా కృతి విలువ దానంతట అదే ఉంటుందా? రసానుభవాన్ని బ్రహ్మాస్వాదంతో పోల్చిన భారతీయ ఆలోచనలో ఇది అభిరుచితో ముగిసే ప్రశ్న కాదు. నవవిధ భక్తుల్లో శ్రవణం మొదటిది. వినడాన్ని సాధనగా ఎంచిన చోట సరిగా వినకపోవడం ధర్మలోపమే అవుతుంది. తొలి కృతులకు ఈ అన్యాయం ఎక్కువగా జరుగుతుంది. అవి వెలువడేనాటికి కర్తకు పేరుండదు. పేరు వచ్చాక తర్వాతి పెద్ద రచన తొలిదాన్ని కప్పేస్తుంది.

నెల్లూరు సీమలో దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. ఆ సీమలో రామకథకు ఆదరణ ఈనాటిది కాదు. 13వ శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి ఆస్థానంలో తిక్కన రాసిన తొలి కావ్యం కూడా రామకథే. అది నిర్వచనోత్తర రామాయణం. పది ఆశ్వాసాల ఆ కావ్యాన్ని ఆయన మనుమసిద్ధికి అంకితం చేశాడు. నన్నయ గద్యపద్యాలు కలిపి నడిపిన చంపూ మార్గాన్ని వదిలి, మొత్తం కథను పద్యాల్లోనే చెప్పాడు. తర్వాత భారతంలో విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెలిగించి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. ఆ పదిహేను పర్వాల వెలుగులో తొలి కావ్యం మసకబారింది. సాహిత్య చరిత్ర పాఠాల్లో విరాట, ఉద్యోగ పర్వాలకు అధ్యాయాలు దక్కితే, ఉత్తర రామాయణానికి తరచు కొద్ది వాక్యాలే దక్కుతాయి. భారతానికి ముందు చేసిన అభ్యాసంగా దాన్ని పక్కన పెట్టడం వాడుకైంది.

ఈ తీర్పులో ఒక పొరపాటు ఉంది. వచనం ఉన్న కావ్యంలో కథను ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చే పని వచనం చేస్తుంది. వచనం లేనప్పుడు ఆ బరువు కూడా పద్యమే మోయాలి. సంధి ఘట్టాలు, ప్రయాణాలు, కాలం గడవడం, సంభాషణలు అన్నీ ఛందస్సులోనే ఇమడాలి. తెలుగు కావ్యం ఇంకా తొలి దశలో ఉన్న రోజుల్లో అంత కఠినమైన నియమాన్ని ఒక కవి తనకు తానే పెట్టుకోవడం సాహసం. భారతానికి సోపానంగా చూస్తే ఈ కావ్యం చిన్నదిగా కనిపిస్తుంది. అది పెట్టుకున్న నియమంతో కొలిస్తే దాని కొలత వేరు.

ఇటువంటిదే సుదూరంగా, మరో కాలంలో, ర్యాప్ సంగీతంలో జరిగింది. అమెరికా దక్షిణాన ఉన్న అట్లాంటా నగరానికి చెందిన ఆంద్రే బెంజమిన్, ఆంట్వాన్ ప్యాటన్ అనే ఇద్దరు యువకులు అవుట్‌కాస్ట్ పేరుతో 1994 ఏప్రిల్‌లో తమ తొలి ఆల్బమ్ విడుదల చేశారు. ర్యాప్‌లో అప్పటికి పెద్దరికం తూర్పు తీరాన న్యూయార్క్‌ది, పడమటి తీరాన లాస్ ఏంజెలెస్‌ది. దక్షిణాది యాసకు విమర్శకుల దగ్గర మన్నన తక్కువ. ఆల్బమ్ పది లక్షల ప్రతుల అమ్మకానికి ఇచ్చే ప్లాటినం గుర్తింపు పొందింది. అయినా 1995 ఆగస్టులో న్యూయార్క్‌లో జరిగిన సోర్స్ పత్రిక పురస్కారాల సభలో ఉత్తమ నూతన బృందంగా వేదిక ఎక్కినప్పుడు సభికులు కేకలతో వారిని అవమానించారు. దక్షిణాదికి కూడా చెప్పవలసిన మాట ఉందని ఆంద్రే ఆ వేదిక మీదే బదులిచ్చాడు. తర్వాత 2003లో వచ్చిన వారి జంట ఆల్బమ్ 2004లో గ్రామీల్లో ఉత్తమ ఆల్బమ్‌గా నిలిచింది. అప్పుడు తొలి ఆల్బమ్ మరో విధంగా వెనక్కి పోయింది. మొదట ప్రాంతం పేరుతో తక్కువైనది, తర్వాత సొంత సంతానం ముందే తక్కువైంది.

ఈ ఉదంతంలో రెండు తీర్పులు ఎదురెదురుగా నిలిచాయి. కొన్నవారు ఒకటి చెప్పారు, సభ మరొకటి చెప్పింది. ఏది సరైనదో తేల్చాలంటే శ్రోత ఎవరన్న ప్రశ్న ముందు తేలాలి. భరతుడి నాట్యశాస్త్రం ప్రదర్శన విజయాన్ని సిద్ధి అని పిలిచి, దాన్ని రెండుగా విభజించింది. ప్రేక్షకుల చిరునవ్వు, నవ్వు, ప్రశంసలు, కానుకలతో తెలిసేది మానుషీ సిద్ధి. నిండిన రంగస్థలంలో సద్దు లేకుండా, కలవరం లేకుండా అందరూ లీనమైపోవడం దైవికీ సిద్ధి. చప్పట్లకు పైమెట్టుగా మౌనాన్ని నిలిపిన ఈ విభజన ఎంతో లోతైనది. సంఖ్యకు, కేకకు కొలత ఉంది. లీనతకు బయటి కొలత లేదు. కాబట్టి మెప్పు ఎంత వచ్చిందన్న లెక్క ఒక సాక్ష్యమే తప్ప తీర్పు కాజాలదు.

వివాదం వస్తే తేల్చడానికి భరతుడు పది రకాల ప్రాశ్నికులను పేర్కొన్నాడు. వారిలో యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు ఎరిగినవాడు, వ్యాకరణవేత్త, రాజు, విలుకాడు, చిత్రకారుడు, గణిక, గాయకుడు, రాజసేవకుడు ఉన్నారు. ప్రదర్శనలో ఎవరి విద్య వస్తే ఆ భాగానికి వారు తీర్పరులు. మంచి ప్రేక్షకుడికి ఉండవలసిన గుణాలన్నీ ఒకే మనిషిలో ఉండవనీ ఆయన ఒప్పుకున్నాడు. యువకులు శృంగారానికీ, విరాగులు మోక్షకథకూ మొగ్గుతారని వివరించాడు. దీని ప్రకారం శ్రోతల మధ్య భేదాభిప్రాయం కృతి లోపానికి గుర్తు కాదు, మానవ స్వభావానికి గుర్తు. ఒక్కొక్కరి అభిప్రాయం ఒక్కో కోణానికి సాక్ష్యం. ఎవరి కోణం వారిదే మొత్తమని భావించినప్పుడే అన్యాయం మొదలవుతుంది.

ఆ అన్యాయం ఎలా జరుగుతుందో అభినవగుప్తుడు మరింత సూక్ష్మంగా చెప్పాడు. పదో శతాబ్దం చివర, పదకొండో శతాబ్దం మొదట్లో కాశ్మీరంలో జీవించిన ఈ శైవ దార్శనికుడు, నాట్యశాస్త్ర వ్యాఖ్యలో రసానుభవానికి ఏడు విఘ్నాలను లెక్కపెట్టాడు. వాటిలో మూడు తొలి కృతుల చరిత్రను నేరుగా వివరిస్తాయి. మొదటిది నాది, పరాయిది అనే దేశకాల బంధం. న్యూయార్క్ సభలో అట్లాంటా యువకులకు ఎదురైనది ఇదే. రెండోది తన సుఖదుఃఖాల్లోనే మునిగిపోవడం. తన నగరం ఓడుతోందన్న బాధలో ఉన్న సభికుడికి ఎదుటి పాట చెవిన పడదు. మూడోది అర్థం చేసుకునే సాధనాల కొరత. ఒక యాసకు అలవాటు పడని చెవి ఆ యాసలోని లయను తప్పుగా వింటుంది. చంపువుకు అలవాటైన చదువరి నిర్వచన కావ్యంలో వచనం లేని లోటును చూస్తాడు గానీ పద్యం మోసిన బరువును చూడడు. విఘ్నాలన్నీ తొలగినవాడే సహృదయుడు. సహృదయత పుట్టుకతో పూర్తిగా వచ్చే వరం కాదు. కావ్యాలను పదేపదే పరిశీలించడం వల్ల మనసనే అద్దం నిర్మలమవుతుందని ఆయన మాట.

కాలమే అన్నిటినీ సరిదిద్దుతుందన్నది మరో సమాధానం. స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచి ప్రమాణం మీద రాసిన వ్యాసంలో, పక్షపాతం లేని, పోల్చి చూసే అలవాటున్న నిపుణుల ఉమ్మడి తీర్పును ప్రమాణంగా చెప్పాడు. దేశాలు, శతాబ్దాలు దాటి నిలిచిన మెప్పును దానికి రుజువుగా చూపాడు. ఈ వాదనకు బలం ఉంది, లోటు కూడా ఉంది. కాలం తానుగా ఏదీ వినదు. అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల సంకీర్తన భాండారంలో తరాల పాటు ఉండిపోయాయి. 20వ శతాబ్దంలో అవి వెలికి వచ్చాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు చదివి, పరిష్కరించి, స్వరపరిస్తే గానీ ఆ పాట జనానికి చేరలేదు. రేకుల్లో నిద్రించినన్నాళ్లూ ఆ కీర్తనల విలువ తగ్గలేదు. భక్తుడి దృష్టిలో వేంకటేశ్వరుడు ఎప్పుడూ వింటూనే ఉన్నాడు. విలువ శ్రోత వల్ల పుట్టదనడానికి ఇది సాక్ష్యం. శ్రోత లేకపోతే ఆ విలువ లోకానికి అందదనడానికీ ఇదే సాక్ష్యం. కాలం చేసిందని చెప్పే న్యాయం వెనుక కొందరు మనుషుల ఓపిక ఉంటుంది.

సరైన శ్రోత ఎలా ఉండాలో రామకథే ఒక ఆదర్శం చూపింది. వాల్మీకి ఉత్తరకాండలో అశ్వమేధ యాగశాల దగ్గర లవకుశులు రామాయణాన్ని గానం చేస్తారు. ఊరూ పేరూ తెలియని ఇద్దరు బాలురు, అంతవరకు రాజసభ వినని కావ్యం. రాముడు మునులను, రాజులను, పండితులను, శబ్దశాస్త్రం తెలిసినవారిని, సంగీతవేత్తలను సభకు పిలిపించి అందరితో కలిసి విన్నాడు. రోజుకు ఇరవై సర్గలు పాడమని వాల్మీకి వారికి చెప్పి ఉన్నాడు. మొదటి రోజు గానం ముగియగానే రాముడు వారికి పద్దెనిమిది వేల బంగారు నాణేలు ఇవ్వమన్నాడు. అడవిలో ఉండే తమకు బంగారంతో పని లేదని బాలురు నిరాకరించారు. ఆ తర్వాతే కావ్యం ఎంత ఉంది, కర్త ఎవరు అని రాముడు అడిగాడు. అనేక దినాలు విన్న మీదట గానీ వారు సీత కుమారులని తెలియలేదు. ఈ వరుసలోనే నీతి ఉంది. ముందు వినడం, తర్వాత మెచ్చుకోవడం, ఆ తర్వాత పేరు తెలుసుకోవడం. లోకం తరచు ఈ క్రమాన్ని తలకిందులు చేసి, పేరుతో మొదలుపెట్టి పాటకు చేరుతుంది.

ఈ ఆలోచనలన్నీ కలిపి చూస్తే కృతి విలువ సంఖ్యలో లేదు, సభ కేకలో లేదు. విలువ కృతిలోనే ఉంటుంది. దాన్ని వెలికితీసే బాధ్యత విఘ్నాలను తొలగించుకున్న శ్రోతది. శ్రోతలు చెప్పుకునే అభిప్రాయాలకు గౌరవం ఉంది. అవి పూర్తిగా విన్నాక, కృతి తనకు తాను పెట్టుకున్న నియమాన్ని గుర్తించాక, తన ప్రాంతం మీది మమకారాన్ని పక్కన పెట్టాక చెప్పినవైతే వాటికి తీర్పు స్థాయి కూడా వస్తుంది. తొలి కృతిని కర్త తర్వాతి కృతితో కొలవకూడదు, దాని కాలంతోనూ దాని సంకల్పంతోనూ కొలవాలి. నిర్వచనోత్తర రామాయణాన్ని భారతానికి పీఠికగా కాక ఒక స్వతంత్ర కావ్యంగా మొదటి ఆశ్వాసం నుంచి చదవడం తెలుగు పాఠకుల బాధ్యత. నెల్లూరు సీమ వారికి అది మరింత దగ్గరి బాధ్యత.