పోలీసు శిక్షణ – విశ్వవిద్యాలయపు బాధ్యత

ఎక్కడైనా పోలీసులు విద్యార్థుల మీద చేయి చేసుకున్నారంటే, మరునాడు రెండు మాటలు వినబడతాయి. అధికారుల పక్షం వారు "ఆ పోలీసులకు శిక్షణ చాలలేదు, ఇంకా ఇప్పిస్తాం" అంటారు. మన పక్షం వారు "పోలీసంటేనే పాలకవర్గం చేతికర్ర, కర్రకు శిక్షణ ఏమిటి?" అంటారు. ఈ రెండు సమాధానాలూ బద్ధవిరుద్ధమైనవిగా కనిపిస్తాయి. కాని రెంటి ఫలితమూ ఒక్కటే. మొదటిది తప్పునంతా కొట్టిన చేతిమీద వేస్తుంది. రెండవది తప్పునంతా వ్యవస్థమీద వేస్తుంది. చేతికీ వ్యవస్థకూ మధ్య, పేరూ పదవీ జీతమూ వుండి, ఫలానా రోజున ఫలానా నిర్ణయం చేసిన మనుషులు మాత్రం రెండు వాదాలలోనూ తప్పించుకుపోతారు. వారిని ఎట్లా విచారించాలి అన్నదే ఈ వ్యాసంలో ప్రశ్న.

ఈ ప్రశ్న బాగా తేటపడే చోటు అమెరికా విశ్వవిద్యాలయాలు. మన దేశంలో పోలీసులు విశ్వవిద్యాలయంలోకి బయటినుంచి వస్తారు. వారిని పిలవవచ్చునా, పిలవకుండా రావచ్చునా అన్నవి మనకు పరిచయమైన వివాదాలు. అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాలకు సొంత పోలీసు శాఖలే వున్నాయి. గ్రంథాలయం, వైద్యశాల, వసతిగృహాల మాదిరిగానే పోలీసు కూడా విశ్వవిద్యాలయంలో ఒక శాఖ. ఆ శాఖ అధికారికి అరెస్టు చేసే హక్కూ వుంటుంది, నడుముకు తుపాకీ వుంటుంది, జీతం మాత్రం విశ్వవిద్యాలయం ఇస్తుంది. అందుచేత "పోలీసులు చేశారు, మాకేం సంబంధం?" అని అక్కడి విశ్వవిద్యాలయం అనడానికి వీలులేదు.

ఈ ఏర్పాటు ఒక్కనాడు పుట్టింది కాదు. 1894లో యేల్ విశ్వవిద్యాలయం న్యూహేవెన్ నగర పోలీసులలో ఇద్దరిని తన ఆవరణలో నియమించుకున్నది. వైద్య విద్యార్థులు కోతకోసం శ్మశానాలనుంచి శవాలను ఎత్తుకువస్తున్నారన్న అనుమానంతో పట్టణ ప్రజలకూ విద్యార్థులకూ ఘర్షణలు జరుగుతున్న రోజులవి. 1966 ఆగస్టు 1వ తేదీన టెక్సస్ విశ్వవిద్యాలయపు గోపురం మీదనుంచి ఒకడు తుపాకితో అనేకమందిని కాల్చిన తరువాత, 1967లో ఆ రాష్ట్ర శాసనసభ విశ్వవిద్యాలయాలకు సొంత పోలీసులను పెట్టుకునే అధికారమిచ్చింది. ఆ దశాబ్దంలోనే విద్యార్థి ఉద్యమాలు లేచాయి. ఇట్లా ఒకవైపు హంతకుల భయం, మరొకవైపు విద్యార్థుల నిరసన అంటే పాలకుల భయం, రెండూ కలిసి ఆ శాఖలను పెంచాయి. 2011–12లో అక్కడి కేంద్ర న్యాయశాఖ జరిపిన గణనలో, 2,500 మందికి మించి విద్యార్థులున్న నాలుగేళ్ల విద్యాసంస్థలలో నూటికి 75 సాయుధులైన అధికారులను వాడుకుంటున్నవేనని తేలింది.

అటువంటి శాఖలో సాధారణంగా రెండు భాగాలుంటాయి. ఒకటి గస్తీ. రెండవదానిని సహాయక సేవలంటారు. రాత్రింబగళ్లు టెలిఫోను అందుకోవడం, గస్తీవారికి రేడియోలో కబురు పంపడం, రికార్డులు రాయడం, సాక్ష్యపు వస్తువులను భద్రపరచడం, పోగొట్టుకున్న వస్తువులను అప్పగించడం, రాత్రి ఒంటరిగా నడిచేవారికి తోడు పంపడం వంటివి ఆ రెండవ భాగం పనులు. తరచుగా అధికారుల శిక్షణ కూడా ఈ భాగం కిందనే వుంటుంది. "సహాయక" అన్న పేరే ఒక విలువను చెబుతున్నది. తుపాకి పట్టినవాడి పని అసలు పని, టెలిఫోను పట్టినవాడిది దానికి తోడు అని దాని అర్థం. కాలిఫోర్నియాలో 1959లో ఏర్పడిన పోలీసు ప్రమాణాల సంఘం పోలీసు అధికారికి మొదటి శిక్షణ కనీసం 664 గంటలని నియమించింది. టెలిఫోను దగ్గర కూర్చుండి గస్తీని పంపే ఉద్యోగికి కనీసం 120 గంటలు.

ఇద్దరి పనులూ ఒకటి కావు కాబట్టి గంటలు సమానంగా వుండాలని నేననను. కాని అర్ధరాత్రి ప్రయోగశాలనుంచి వసతిగృహానికి పోతున్న ఒక విద్యార్థిని వెనుక అడుగుల చప్పుడు విని టెలిఫోను చేసినప్పుడు, ఆమెకు మొదట దొరికే రక్షణ ఒక మనిషి గొంతు. ఆ గొంతు శాంతంగా, వెంటనే, సరియైన ప్రశ్నలడగాలి. ఇది మామూలు పని కాదు. మన తెలుగు దేశంనుంచి వెళ్లిన వేలాది పిల్లలు కూడా ఆ దారులలోనే నడుస్తున్నారు. "పోలీసు పనంతా పాలకవర్గపు పనే" అని చేయి దులుపుకునేవారు ఆ విద్యార్థినికి ఏం జవాబు చెబుతారు?

ఇంకొక ఉదాహరణ. 1986లో లీహై విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థిని వసతిగృహపు గదిలోనే హత్యకు గురైంది. ఆవరణలో జరుగుతున్న నేరాల సంగతి తమకెవరూ చెప్పలేదని ఆమె తల్లిదండ్రులు పోరాడారు. ఆ పోరాట ఫలితంగా 1990లో వచ్చిన చట్టం నేరాల లెక్కలు ఏటేటా ప్రకటించాలని విద్యాసంస్థలను నిర్బంధించింది. పోలీసు శాఖ వుంటే దినసరి నేరాల పుస్తకం ఒకటి వుంచాలి, అడిగినవారికి చూపాలి. ఆ పుస్తకం రాసేది ఒక గుమాస్తా. పరువు పోతుందని విశ్వవిద్యాలయం దాచదలచిన నిజాన్ని ఆ గుమాస్తా కలం బయట పెట్టగలదు. కాబట్టి సహాయక సేవలలో ప్రజాస్వామ్యానికి పనికివచ్చే శక్తి వున్నది. దీనిని మనం గుర్తించాలి.

ఇక రెండవ వైపు చూద్దాం. 2011 నవంబరు 18న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో కొందరు విద్యార్థులు దారిమీద చేతులు పెనవేసుకొని కూర్చున్నారు. ఫీజుల పెంపుదలను వారు వ్యతిరేకిస్తున్నారు. కొద్ది రోజుల ముందు బర్క్లీలో పోలీసులు విద్యార్థులను కొట్టినందుకు కూడా నిరసన తెలుపుతున్నారు. వారు వేసిన గుడారాలను తీసివేయించాలని అధికారులు నిర్ణయించారు. ప్రాంగణపు పోలీసు లెఫ్టినెంటు ఒకరు, కూర్చున్న విద్యార్థుల ముఖాల మీద, మొక్కలకు మందు కొట్టినంత తాపీగా, పెప్పర్ స్ప్రే కొడుతూ నడిచాడు. ఆ దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది.

కాలిఫోర్నియా సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి క్రూజ్ రేనోసో అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడి, 2012 ఏప్రిల్లో నివేదిక ఇచ్చింది. ఆ సంఘం చెప్పిన విషయాలు గమనించదగ్గవి. ఆనాడు వాడిన పెద్ద డబ్బాకు ఆ శాఖలో అనుమతి లేదు. దానిని వాడడంలో అధికారులకు శిక్షణా లేదు. కొట్టవలసిన దూరం కనీసం ఆరడుగులు కాగా, అంతకంటె దగ్గరనుంచి కొట్టారు. ఇంతవరకు శిక్షణవాదుల మాట నిజమే. కాని నివేదిక అక్కడ ఆగలేదు. స్ప్రే కొట్టాలన్న నిర్ణయానికి ప్రధాన బాధ్యత లెఫ్టినెంటుది. పోలీసులను పట్టపగలు మూడు గంటలకు పంపాలన్న నిర్ణయానికి ప్రధాన బాధ్యత ఛాన్సలర్‌ది. ఛాన్సలరంటే అక్కడ మన వైస్ ఛాన్సలర్ వంటి పదవి. బలప్రయోగం వద్దన్న తన అభిప్రాయాన్ని స్పష్టంగా చెప్పకపోవడానికీ ఆమెదే బాధ్యత. గుడారాలలో బయటివారు చాలామంది చేరారన్న భయానికి సరియైన ఆధారాలు కూడా లేవు.

ఇక్కడ ఒక ఊహ చేయండి. ఆ పెద్ద డబ్బాకు అనుమతి వున్నదనుకుందాం. లెఫ్టినెంటు దానిలో పూర్తి శిక్షణ పొందినవాడనుకుందాం. సరిగ్గా ఆరడుగుల దూరంలో నిలబడి, నియమం ప్రకారం, కూర్చున్న ఆ పిల్లల ముఖాల మీదనే కొట్టాడనుకుందాం. అప్పుడది న్యాయమవుతుందా? కాదని మన మనస్సు వెంటనే చెబుతుంది. అంటే శిక్షణ పూరించలేనిది ఏదో ఇందులో మిగిలి వున్నది. ఒక పని ఎట్లా చేయాలో శిక్షణ నేర్పుతుంది. ఆ పని చేయవచ్చునా అన్నది వేరే ప్రశ్న. గ్రీకు తాత్త్వికుడు అరిస్టాటిల్ నైపుణ్యాన్నీ వివేకాన్నీ విడదీసింది ఇందుకే. నైపుణ్యంలో తెలిసి తప్పు చేసినవాడు తెలియక చేసినవాడికంటె నయం, ఎందుకంటే వాడికి పని వచ్చు. వివేకం విషయంలో తెలిసి చేసిన తప్పే పెద్ద తప్పు.

ఈ భేదం మన సాహిత్యంలోనూ వున్నది. భారతం సౌప్తికపర్వంలో అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రం ప్రయోగిస్తాడు. అర్జునుడూ ప్రయోగిస్తాడు. ఇద్దరికీ గురువు ద్రోణుడే. మునులు వారించినప్పుడు అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించగలిగాడు, అశ్వత్థామ వల్ల కాలేదు. చివరకది పాండవస్త్రీల గర్భాలమీద పడింది. ఈ కథలో మనం సాధారణంగా తలచుకునేది అశ్వత్థామ దోషాన్నే. ద్రోణుణ్ణి ఎవరు ప్రశ్నించారు? కొడుకు స్వభావం అతనికి తెలుసు. ఇష్టం లేకుండానే ఇచ్చాడు, మనుషులమీద ప్రయోగించవద్దని హెచ్చరించాడు. హెచ్చరికతో తన బాధ్యత తీరిందనుకున్నాడు. డేవిస్‌లో ఛాన్సలర్ మనస్సులో వుంచుకున్న అభ్యంతరం ఆ హెచ్చరిక పాటి కూడా చేయదు.

బాధ్యతను పంచినప్పుడు అది తగ్గుతుందని మనకొక భ్రమ వున్నది. అప్పును నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరి వాటా నాలుగోవంతవుతుంది. నైతిక బాధ్యత అట్లా కాదు. పంపినవారి బాధ్యత పూర్తిగా వారిదే, కొట్టినవాడి బాధ్యత పూర్తిగా వాడిదే. "నాకు ఆజ్ఞ అయింది" అన్న మాట పోలీసును విముక్తుణ్ణి చేయదు, "నేను కొట్టమనలేదు" అన్న మాట అధికారిని విముక్తం చేయదు. శిక్షణ అనే మాట ప్రమాదకరమయ్యేది ఇక్కడే. అది ఒక నైతిక ప్రశ్నను పాఠ్యప్రణాళిక ప్రశ్నగా మార్చివేస్తుంది. గంటలు పెంచితే తీరిపోయే లోటుగా చూపుతుంది. పంపినవారు అప్పుడు దోషులు కారు, శిక్షణకు డబ్బు మంజూరుచేసే దాతలవుతారు.

డేవిస్‌లో తరువాతి కథ కూడా చెప్పాలి. 2012లో విశ్వవిద్యాలయం 21 మందితో 10 లక్షల డాలర్లకు రాజీపడింది. అయినా, ఇంటర్నెట్టులో ఆ దృశ్యం వెనక్కు పోయి తమ పేరు మెరుగుపడేందుకు కనీసం 1,75,000 డాలర్లు సలహా సంస్థలకిచ్చిందని 2016లో బయటపడింది. ఆ యేడు ఆగస్టులో ఛాన్సలర్ రాజీనామా చేసింది. జ్ఞానాన్ని భద్రపరచవలసిన సంస్థ జ్ఞాపకాన్ని చెరపడానికి డబ్బు పెట్టింది. దీనికి ఏ పోలీసు శిక్షణలో లోపం కారణం?

అయితే మనమేం కోరాలి? శిక్షణ వద్దనకూడదు. ఏ ఆయుధం ఎక్కడ నిషిద్ధమో తెలియని పోలీసుకంటె తెలిసిన పోలీసు మేలు. కాని మూడు సంగతులు దానితోపాటు కోరాలి. టెలిఫోనూ, రికార్డూ, తోడూ మొదటి పనులుగా, ఆయుధం కడపటి పనిగా శాఖ విలువలు తిరగబడాలి. పోలీసులను పిలిచిన ప్రతిసారీ ఎవరు పిలిచారో, ఏ కారణంతో పిలిచారో, ఏది చేయవద్దన్నారో రాతపూర్వకంగా వుండాలి, దినసరి నేరాల పుస్తకం మాదిరే అది కూడా అందరికీ తెరచి వుండాలి. మూడవది, ప్రశ్నించే విద్యార్థిని నేరస్థుణ్ణి చూసే కళ్లతో చూడరాదు. ఫీజు ఎందుకు పెంచారని అడిగిన విద్యార్థికి సమాధానం చెప్పవలసినది విశ్వవిద్యాలయం. సమాధానం లేనప్పుడు పోలీసును పంపితే, ఆ పోలీసు ఎంత శిక్షణ పొందినవాడైనా, మోసుకువచ్చేది ఆ సమాధానం లేమినే.

ఉపాధ్యాయులమైన మనం కూడా శిక్షకులమే. ఏటా వందలమందికి నైపుణ్యాలు నేర్పి పంపుతున్నాం. వారిలో కొందరు రేపు పోలీసు అధికారులవుతారు, కొందరు వారిని పంపే అధికారులవుతారు. ఎట్లా చేయాలన్నది వారికి మరొకచోటనైనా నేర్పుతారు. చేయవచ్చునా అని అడగడం మన తరగతి గదిలో నేర్చుకోకపోతే, ఇక ఎక్కడ నేర్చుకుంటారు?