నేల మీద సందేహం, చీకట్లో నమ్మకం

నా విమానానికి భూమి ఎలా ఉందో చెప్పేది చిటికెన వేలంత పెన్‌డ్రైవ్. ఏ కొండ ఎంత ఎత్తు, ఏ రన్‌వే ఎటువైపు, ఎక్కడ కొత్తగా టవర్ లేచింది, ఎవరి గగనతలంలోకి అడగకుండా పోకూడదు, ఇవన్నీ ముందు దాంట్లోకి ఎక్కి, అందులోంచి కాక్‌పిట్‌లోని డిస్‌ప్లేలోకి దిగుతాయి. ప్రపంచమంతటా విమాన సమాచారం 28 రోజుల చక్రంలో, గురువారం నాడు మారుతుంది. ఏడాదికి సాధారణంగా 13 సార్లు కొత్త పంచాంగం వస్తుందన్నమాట.

డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న విమానాశ్రయంలో ఉంటుంది నా ఆర్‌వీ-9ఏ. రెండు సీట్లు, ఒక్క ఇంజిను, నా చేత్తో కట్టుకున్నది. ఎయిర్‌లైన్ విమానమైతే డేటాను దేనిమీద తేవాలో, ఎవరు ఎక్కించాలో, ఎవరు సంతకం పెట్టాలో అంతా రాసిపెట్టి ఉంటుంది. అమెరికాలో ఎక్స్‌పెరిమెంటల్ కింద నమోదయ్యే మా ఇంటి విమానాల్లో ఇలాంటి నిర్ణయాల్లో చాలా భాగం సొంతదారు మీదే పడుతుంది. డిస్‌ప్లే తయారుచేసినవాళ్లు ఫ్యాట్‌32లో ఫార్మాట్ చెయ్యమంటారు, ఇంత జీబీ ఉండాలంటారు. ఏ డ్రైవ్ కొనాలి, దాని మాట ఎంతవరకు నమ్మాలి అన్నది నాకే వదిలేస్తారు. ఆ రెండో ప్రశ్న మా మేనమామగారి సొత్తు. ఆయన గోదావరి జిల్లాలో సంస్కృత కళాశాలలో తర్కం చెప్పి రిటైరయ్యారు.

కొనుగోలు సంగతి ముందు చెప్పేస్తాను. పెద్ద సైజు అక్కర్లేదు, 16 లేదా 32 జీబీ చాలు. 32 దాటినవి ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, ఫ్యాట్‌32 మాత్రమే చదవగల డిస్‌ప్లే వాటిని గుర్తించదు. పొట్టిగా, లోహపు తొడుగుతో ఉండాలి. పొడుగ్గా పొడుచుకొచ్చిన డ్రైవ్‌కి చెయ్యి తగిలితే విరిగేది అదొక్కటే కాదు, డిస్‌ప్లే సాకెట్టు కూడా. పాస్‌వర్డ్ సాఫ్ట్‌వేర్, రెండో పార్టిషన్ లాంటి అలంకారాలున్నవి వద్దు. పాటలు, ఫోటోలు తిరిగిన డ్రైవ్ విమానంలోకి రాకూడదు. ఈ పనికంటూ రెండు పెట్టుకోవాలి, ఒకదాంట్లో ఈ చక్రం, రెండోదాంట్లో పోయిన చక్రం. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

వాదం డ్రైవ్ లోపల ఉంది. ఫ్లాష్ మెమరీలో దాచడమంటే ఆక్సైడ్ గోడల మధ్య ఎలక్ట్రాన్లను బంధించి పెట్టడం. ఫ్లాష్ మెమరీని 1980ల్లో తోషిబాలో ఫుజియో మసుఓకా కనిపెట్టాడు. బందీలు మెల్లగా కారిపోతుంటాయి, వేడిలో ఇంకా త్వరగా. టెక్సస్ ఎండాకాలంలో, గాజు బుడగలాంటి పైకప్పు కింద, మూసిన కాక్‌పిట్ ఎలా ఉడుకుతుందో అందులో కూర్చున్నవాళ్లకే తెలుసు. ఇప్పటి చవక చిప్పుల్లో ఒక్కో గదిలో మూడేసి బిట్లు కుక్కుతారు కాబట్టి అవి వెయ్యి నుంచి కొన్ని వేల రాతలకే అలసిపోతాయని చాలామంది భయపడతారు. ఏడాదికి 13 సార్లు రాసే నాకు ఆ భయం లేదు. నాకున్న భయం వేరు: డ్రైవ్ అబద్ధం చెప్పగలదు. 8 జీబీ చిప్పు పెట్టి, లోపలి కంట్రోలర్ చేత 64 అని చెప్పించి అమ్మే నకిలీలు మార్కెట్లో ఉన్నాయి. రాసినంతసేపూ అవి ఏ అభ్యంతరమూ చెప్పవు. అసలు చోటు నిండాక వచ్చిందల్లా పాతదానిమీద పడుతుంది, లేదా ఎక్కడికీ చేరదు. అయినా డ్రైవ్ "రాశాను" అనే అంటుంది. అసలైన కంపెనీ సరుకులో కూడా ఒకే పేరు, ఒకే మోడల్ కింద ఈ ఏడాది ఒక చిప్పు, వచ్చే ఏడాది ఇంకో చిప్పు ఉండొచ్చు. పెట్టె మీద అది రాయరు.

ఇదంతా ఫోన్లో మావయ్యకి చెప్పాను. ఆయన పెన్‌డ్రైవ్ ముట్టుకుని ఎరగరు.

"అది రాశానంది, నువ్వు నమ్మావు. దేన్ని చూసి నమ్మావురా?"

"మళ్లీ చదివిస్తాను మావయ్యా. కంప్యూటరు మొత్తం చదివి అసలు ఫైలుతో పోలుస్తుంది."

"సరిగ్గానే పోల్చిందని ఎవరు చెప్పారు?"

"ఇంకో కంప్యూటర్లో పెట్టి చూస్తే..."

"దానికి ఇంకోటి, దానికి మరోటి. దీన్నే అనవస్థ అంటారు. ఇది పూర్వపక్షంరా, నా పక్షం కాదు. మీమాంసకులు మమ్మల్ని ఈ గొయ్యి చూపించే బెదిరిస్తారు."

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఒక జ్ఞానం నిజమని తెలియడానికి బయట ఆధారం కావాలా? అక్కర్లేదంటాడు మీమాంసకుడు కుమారిలభట్టు. జ్ఞానం పుట్టడంతోనే ప్రమాణంగా పుడుతుంది. దాన్ని కొట్టెయ్యాలంటే రెండే దారులు: అది పుట్టిన సాధనంలో దోషం బయటపడాలి, లేదా దానికి ఎదురుగా ఇంకో జ్ఞానం వచ్చి నిలబడాలి. సందేహం వస్తే మూడు నాలుగు మెట్లు వెతుకు, ఏమీ దొరక్కపోతే ఆగు, అంతకు మించి అడగడం అనవసరం. మావయ్య పక్షంవాళ్లు, నైయాయికులు, ఒప్పుకోరు. జ్ఞానం పుట్టినప్పుడు అది నిజమా కాదా అన్నది ఇంకా తేలలేదు, దాన్ని నమ్మి చేసిన పని ఫలిస్తే అప్పుడు తేలుతుంది అంటారు. నీరనుకున్నావు, వెళ్లి తాగావు, దాహం తీరింది. తర్వాత అలాంటి నీటిని చూసినప్పుడు ప్రతిసారీ తాగి చూడనక్కర్లేదు, ఇది కూడా ఆ జాతిదే అని ఊహిస్తే చాలు.

పరీక్ష గురించి ఆయన అడిగిన ఇంకో ప్రశ్న నా పద్ధతినే మార్చింది. రాసిన వెంటనే చదివిస్తే కంప్యూటరు డ్రైవ్ దాకా వెళ్లకపోవచ్చు, ఇప్పుడే పంపినదాని నకలు తన మెమరీలో ఉంటే అందులోంచే చదివి "సరిపోయింది" అంటుంది అని మాటల్లో అన్నాను. మావయ్య కుర్చీలో ముందుకు జరిగినట్టున్నారు, గొంతు మారింది. "అది స్మృతి. అనుభవం కాదు. స్మృతిని మేం ప్రమలో, అంటే నిజమైన జ్ఞానంలో, లెక్కపెట్టం." మన తెలుగువాడు అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో బుద్ధిని మొదటే ఈ రెండుగా విడదీశాడట. నేను చిన్నప్పుడు మావయ్య అరుగు మీద విని మరిచిపోయిన పాఠం. అప్పటినుంచి రాశాక డ్రైవ్‌ని ఎజెక్ట్ చేసి, బయటికి లాగి, మళ్లీ గుచ్చి, అప్పుడు చదివిస్తాను. కొత్త డ్రైవ్ అయితే విమానం మొహం చూడకముందే చివరి బైటు దాకా నింపి, తిరిగి చదివించి చూస్తాను. ఆ పని చేసిపెట్టే ఉచిత ప్రోగ్రాములున్నాయి. గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

నాకు తోచిన మాట ఇది. ఈ రెండు దర్శనాలూ నాకు కావాలి, కానీ ఒకే చోట కాదు. హ్యాంగర్‌లో నేను నైయాయికుణ్ని. ఏదీ తనంతట తాను నిజం కాదు, పరీక్షించి నెగ్గాలి. చక్రాలు నేల విడిచాక మీమాంసకుణ్ని. చంద్రుడు లేని రాత్రి, కింద దీపాలు పలచబడిన చోట, విమానం వంగిందని లోపలి చెవి చెబుతుంది, లేదని తెర చెబుతుంది. అప్పుడు తెరను విచారణకు నిలబెట్టేవాడు బతకడు. రెండో పరికరం చూడాలి, మూడోది చూడాలి. అవి ఎదురు చెప్పకపోతే అక్కడితో సందేహం చాలించాలి. కుమారిలుడి మూడు నాలుగు మెట్లు ఏ విమానంలోనైనా సరిపోతాయి. గాలిలో అంత నిశ్చింతగా నమ్మడానికి హక్కు ఎక్కడిదంటే, నేల మీద అంత కటువుగా శంకించినందువల్ల వచ్చింది.

మావయ్య ఈ సర్దుబాటుని ఒప్పుకోలేదు. "నీ పరీక్షలన్నీ మోసినవాడి గురించేరా అబ్బాయ్. చెప్పినవాడి గురించి ఒక్కటీ లేదు" అన్నారు. వేదపాఠంలో ఘనాపాఠీలు పదాలను ముందుకీ వెనక్కీ తిప్పి చెప్పడం ఎందుకు? ఒక్క స్వరం జారకుండా మొయ్యడానికి. కాపీ మారలేదని ఒక అంకెతో తేల్చే చెక్‌సమ్ చేసే పని కూడా అదే. మీమాంసకుడికి అంతటితో సరిపోతుంది, ఎందుకంటే అతని వేదానికి కర్త లేడు, కర్త లేనిచోట కర్త దోషమూ లేదు. కానీ నా మ్యాప్‌కి కర్తలున్నారు. సర్వే చేసినవాడు, అంకెలు కొట్టినవాడు, దిద్దినవాడు.

1979 నవంబర్ 28న జరిగింది తలుచుకుంటే ఆ మాట ఎంత బరువైనదో తెలుస్తుంది. ఎయిర్ న్యూజీలాండ్ 901, డీసీ-10, అంటార్కిటికా చూపించి తెచ్చే విహారయాత్ర. అంతకుముందు ఏడాది ఎవరో రేఖాంశంలో ఒక అంకె తప్పు కొట్టారు, 166 డిగ్రీలకు బదులు 164. ఆ తప్పువల్ల గమ్యబిందువు పడమటికి జరిగి, దారి మెక్‌ముర్డో సౌండ్ మీదుగా, చదునైన మంచు మీదుగా పడింది. ఆ తప్పు దారే క్షేమమైన దారి. సిబ్బందికి చూపించింది అదే. కెప్టెన్ జిమ్ కాలిన్స్ ముందురోజు రాత్రి ఇంట్లో అట్లాస్ ముందేసుకుని ఆ దారే గుర్తుపెట్టుకున్నాడు. తెల్లవారుజామున నేలమీది కంప్యూటర్లో అంకెలు దిద్దారు. దిద్దినట్టు సిబ్బందికి చెప్పలేదు. వాళ్లు కొత్త కాగితం మీది అంకెలను నమ్మి, తప్పు లేకుండా విమానంలోకి ఎక్కించారు. కొత్త దారి 3,794 మీటర్ల ఎరెబస్ పర్వతం మీదుగా ఉంది. తెల్లటి మబ్బు కింద తెల్లటి వాలు, రెంటికీ మధ్య గీత కనిపించని వెలుతురు. 257 మంది పోయారు. మొదటి దర్యాప్తు పైలట్లను తప్పుపట్టింది. 1981లో జస్టిస్ పీటర్ మహోన్ విచారణ సంఘం మాత్రం, సిబ్బందికి చెప్పకుండా అంకెలు మార్చడమే ముఖ్య కారణమంది.

ఆ రోజు ఎంత మేలైన పెన్‌డ్రైవ్ ఉన్నా, ఎన్ని చెక్‌సమ్‌లు సరిపోయినా ఏం లాభం? కాపీలో దోషం లేదు. ఇంకా లోతుగా చూస్తే కొత్త అంకెల్లో కూడా దోషం లేదు, అవి ఉద్దేశించిన గమ్యానివే. దోషం చెప్పినవాడికీ విన్నవాడికీ మధ్య పడింది.

ఇక్కడే నైయాయికుల న్యాయదర్శనం నాకు దగ్గరవుతుంది. వాళ్లు ఆప్తుడనే నమ్మదగిన వక్తకి రెండు లక్షణాలుండాలి: విషయం ఉన్నదున్నట్టు తెలిసుండాలి, తెలిసింది తెలిసినట్టు ఎదుటివాడికి చెప్పాలన్న కోరిక ఉండాలి. ఎరెబస్‌లో మొదటిది ఉంది, రెండోది లోపించింది. న్యాయసూత్రాలకి భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇంకో అడుగు వేశాడు. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒక్కటేనన్నాడు. ఆ మాట నాకెంత ధైర్యమో చెప్పలేను. నేను సంధ్య వార్చి హ్యాంగర్‌కి వెళ్లే మనిషిని. ఓక్లహోమాలో ఒక టవర్ ఎత్తు కొలిచి నమోదు చేసిన సర్వేయర్ ఎవరో, ఏ దేవుణ్ని కొలుస్తాడో నాకు తెలియదు. తెలిసింది తెలిసినట్టు చెప్పాడు, నాకు ఆప్తుడే.

కనిపించని సంగతుల్లో వేదాన్ని ఎలా నమ్మాలి అన్న ప్రశ్నకి కూడా నైయాయికులు చూపిన దారి ఇలాంటిదే. ఆయుర్వేదం చెప్పిన మందు పనిచేసింది కదా, అది కళ్లెదుట తేలింది. కనిపించేచోట నిజం చెప్పినవాణ్ని కనిపించనిచోట నమ్మవచ్చు. నేను ఎండ కాసిన రోజున కావాలని ఆ పని చేస్తాను. కిటికీలోంచి టవర్‌ని చూస్తాను, తెరమీద దాని గుర్తు చూస్తాను. చెరువు గట్టు, రైలు పట్టాలు, రన్‌వే అంకె, ఒక్కొక్కటీ పోల్చుకుంటాను. పగలు సాక్ష్యం చెప్పిన డేటాని రాత్రి నమ్ముతాను. శ్రద్ధ అంటే నాకు ఇంతకన్నా గొప్ప నిర్వచనం దొరకలేదు, దొరుకుతుందని ఎదురుచూడడం కూడా లేదు.

మావయ్యకి ఇందులో ఒక్క భాగమే నచ్చింది. "మరి తెరమీద ఒకటి, నేలమీద ఇంకోటి ఉంటే ఏం చేస్తావు?" అని అడిగారు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏకి రాసి తెలియజేసే ఏర్పాటు ఉంది, ఎవరైనా రాయవచ్చు, నిజమని తేలితే రాబోయే చక్రాల్లో దిద్దుతారు అన్నాను. "అయితే అది రాయడం మానకు. నువ్వు విని ఊరుకుంటే నీ తర్వాత వచ్చేవాడికి ఆప్తుడెవడు?" అన్నారు.